ముక్కుకు నచ్చని ఇల్లు

మూత 34వ రోజు

ఈయన పౌడరు డబ్బా ఈ పొద్దున చెత్త గొట్టంలో వేసేశాను. భీమేశ్వరరావు గారికి స్నానం కాగానే మెడ నిండా పౌడరు పడకపోతే తెల్లారినట్టే కాదు. "నా పౌడరు నిన్నేం చేసిందే?" అని అరగంట గొణిగారు. నన్నేమీ చేయలేదు. పిల్లని చేస్తోందేమోనని నా అనుమానం.

పిల్ల అంటే మా మనవరాలు ఇందుజ. ఏడేళ్ళు. కొడుకూ కోడలూ ఉప్పాడ గట్టు పని మీద అటే ఉండిపోయారు. వానలు పడి మేడకి మూత వేసేసరికి పిల్ల మా దగ్గర ఉంది. మూత తీసేది కార్తీకంలో. అప్పటిదాకా వాళ్ళు ఇటు రాలేరు, మేం అటు పోలేం. బయట గాలి నిండా నల్ల బూజు. కిటికీలకు బంక వేసి మూసేశారు గనక సరిపోయింది. ఆ గాలి నాలుగు రోజులు పీల్చినవాళ్ళు ఐదో రోజు మంచం దిగరు.

వారం నుంచి ఇందుజ గుండెల్లో పిల్లికూతలు. కళ్ళ కింద ఉబ్బు. డాక్టరు గారు తెర మీద చూసి, పీల్చే మందు పంపి, "ఇంట్లో పిల్లకి పడనిది ఏదో ఉందమ్మా, వెతకండి" అన్నారు. వెతకడం నాకొకరు నేర్పనక్కర్లేదు. ఈ పదిహేడో మేడకి పంతొమ్మిదేళ్ళు శుభ్రత సూపర్‌వైజరుగా చేశాను. ఎవరింట్లో ఏ మూల తడి ఉందో చిట్టా రాసిన చెయ్యి ఇది. ఇప్పుడు మా ఇంటి చిట్టా రాసుకుంటున్నాను.

మూత 38వ రోజు

రోజుకొకటి తీసేస్తున్నాను. అన్నీ ఒకేసారి పారేస్తే దొంగెవరో తెలియదు. పౌడరు తర్వాత దోమల బిళ్ళ. దాని తర్వాత అగరొత్తులు, బట్టలు మెత్తగా ఉంటాయని ఆఖర్న కలిపే నీలం మందు. నిన్న అంట్ల సబ్బు కూడా పక్కన పెట్టి ఈయన చేత శనగపిండితో గిన్నెలు తోమించాను. "పకోడీలకి పనికొచ్చేది పాత్రలకి పెడతావా" అని ఏడుపు. పిల్ల తలకి షాంపూ మాని కుంకుడు రసం పోస్తే కళ్ళు మండి ఇల్లు ఎగరగొట్టేసింది. "మామ్మా, నువ్వు నన్ను బాగుచేస్తున్నావా, చంపుతున్నావా?" అంది. ఆ నోరు అచ్చం తల్లిదే.

ఏది తీసినా కూతలు పోలేదు. ఇవాళ పొద్దున ఇంకేమీ చేయకుండా పిల్లనీ గడియారాన్నీ చూస్తూ కూర్చున్నాను. ఏడున్నరకి బాగానే ఉంది. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటోంది. ఎనిమిదింటికి లేచి ఇల్లు తుడిచాను. ఎనిమిదిన్నరకి అది గోడకి చేరబడి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతోంది.

తుడుపుగుడ్డ చేతిలోనే ఉంది.

మా వంటింట్లో మూడు కుళాయిలు ఉంటాయి. వాడుక నీళ్ళు, తాగే నీళ్ళు, సంపెంగ నీళ్ళు. మూడోది తిప్పి బకెట్ నింపుకుని రోజూ ఇల్లంతా తుడవాలి. పేరుకే సంపెంగ. అందులో పువ్వూ లేదు, రేకూ లేదు, ఏదో మందు. మేడలో ఎవరింటికి వెళ్ళినా అదే వాసన. అది వాసన అనే సంగతి కూడా మరిచిపోయాం. శుభ్రంగా ఉన్న ఇల్లు అలాగే ఉంటుందనుకున్నాం.

పదకొండు రోజులుగా మా పిల్లకి రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే ఊపిరాడకుండా చేస్తున్నానన్నమాట.

మూత 41వ రోజు

సంపెంగ కుళాయికి గుడ్డ చుట్టి మూడు రోజులైంది. వేడినీళ్ళలో గుప్పెడు ఉప్పు, కాస్త కుంకుడు రసం వేసి తుడుస్తున్నాను. మూలలన్నీ పొడిగుడ్డతో రెండుసార్లు. గోడల మీద బూజు కాదు కదా, మరక కూడా లేదు.

పిల్లికూతలు తగ్గాయి. ఇవాళ మూడు దోసెలు తిని, తాతయ్యతో అష్టాచెమ్మా ఆడి, గవ్వలు దొంగతనంగా తిప్పిందని ఆయన గోల పెడితే పకపక నవ్వింది. ఆ నవ్వు మధ్యలో దగ్గు రాలేదు. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చాను. సంతోషానికే.

సంతోషం సరే, ముక్కు సంగతి ఏం చెయ్యాలో తోచడం లేదు. ప్రతి ఇంటి తలుపు మీదా కొబ్బరిచిప్పంత యంత్రం ఉంటుంది. ఇంటి వాసన చూస్తుంది. పడకగదిలో ఒకటి, వంటింట్లో ఒకటి దాని పిల్ల ముక్కులు. బూజు పట్టిన ఇంటి తలుపు తెరుచుకుంటే అది పక్కింటికి పాకుతుంది కనక, ముక్కు శుభ్రం అంటేనే తలుపు వస్తుంది. మంచి ఆలోచనే. పెట్టించిన కమిటీలో నేనూ ఉన్నాను.

మూత 44వ రోజు

పొద్దున పాల ప్యాకెట్లు తెద్దామని ఈయన తలుపు లాగితే రాలేదు. తలుపు మీద ఎర్రగా ఒకే ఒక్క మాట వెలిగింది. మైల.

ఆ మాట ఎవరు పెట్టారో కూడా నాకు తెలుసు. శుభ్రం కాని ఇంటికి ఏ మాట వెలగాలి అని కమిటీలో అడిగితే, వెనకనుంచి ఒక పెద్దాయన "మైల అంటే సరి, ముసలాళ్ళకి కూడా చటుక్కున అర్థమవుతుంది" అన్నాడు. అందరం నవ్వాం. ఆ ఎర్ర మాట మీ గుమ్మం మీద వెలిగితే తెలుస్తుంది అందులో నవ్వేముందో.

తిండికి లోటు లేదు. మైల ఇళ్ళకి తలుపు పక్కన అరలోంచి పాలు, కూరలు పంపుతారు. మనుషులే బయటికి పోలేరు. "రిటైరైనవాళ్ళం, మనకి బయటేం పనిలే" అన్నారు ఈయన. ఆ అన్న మనిషే మధ్యాహ్నం లోపల నాలుగుసార్లు వెళ్ళి పిడి తిప్పి చూశారు.

మూత 46వ రోజు

ముక్కుని మోసం చేద్దామని చూశాను. సూపర్‌వైజరు బుద్ధి ఎక్కడికి పోతుంది.

మొదట చెంచాడు సంపెంగ నీళ్ళు గుడ్డకి పట్టించి ముక్కు దగ్గరే వేలాడదీశాను. తలుపు ముక్కు ఒప్పుకుంది, లోపలి రెండూ ఒప్పుకోలేదు. మూడింటికీ కట్టాలంటే పడకగదిలో పిల్ల ఉంది. పిల్లని స్నానాలగదిలో కూర్చోబెట్టి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కి ప్రయత్నించాను. ముక్కు పచ్చగా మారేలోపే లోపలినుంచి కూతలు వినిపించాయి. అన్నీ పీకి పారేసి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. పీల్చే మందు రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది.

తర్వాత నిమ్మచెక్కలు రుద్దాను. వట్టివేళ్ళు నానబెట్టి ఆ నీళ్ళు చల్లాను. ఇల్లంతా ఎండాకాలపు చలివేంద్రంలా కమ్మగా ఉంది. ముక్కు మాత్రం "గుర్తు తెలియని వాసన" అని రాసి మళ్ళీ మైల అంది. వట్టివేళ్ళు గుర్తు తెలియని ముక్కుని పెట్టించుకున్నాం మేం.

మూత 48వ రోజు

పర్యవేక్షణ గదికి ఫోను చేస్తే దానియేలు అనే కుర్ర ఆఫీసరు దొరికాడు. గొంతు మెత్తగానే ఉంది.

"మా ఇంట్లో బూజు లేదు బాబూ. కావాలంటే గోడలు చూపిస్తాను."

"మీరు చూపిస్తే నేను చూస్తానండి. కానీ తలుపు తీసేది ముక్కు కదండి."

"పిల్లకి ఆ మందు పడదని డాక్టరు గారు రాసిచ్చారు."

"అందిందండి. అది మనుషుల ఫైల్లోకి వెళ్ళిందండి. తలుపులది వేరే ఫైలండి. రెండూ కలవవండి."

నా ఒళ్ళు మండింది. అయినా తమాయించుకుని, ఇలా ఎన్నాళ్ళు ఉండాలి అని అడిగాను.

"మైల పదకొండు రోజులండి. పన్నెండో రోజు పొద్దున పదింటికి శుద్ధండి."

పురిటికీ చావుకీ పట్టే లెక్క తెచ్చి యంత్రంలో పెట్టారు. ఆ మాట పెట్టినప్పుడే ఆ రోజులు కూడా దాని వెంట వచ్చేశాయి కాబోలు. శుద్ధి అంటే ఏం చేస్తారో నాకు తెలియనిది కాదు. ఇంటి కప్పులోని గొట్టాల్లోంచి సంపెంగ మందు పొగలా వదులుతారు. మూడు రోజులపాటు. మనుషులు లోపలే ఉంటారు. మామూలు మనుషులైతే తుమ్ముతారు, కళ్ళు నులుముకుంటారు. తుడిచిన వాసనకే గోడకి చేరబడే పిల్ల మూడు రోజుల పొగలో ఉంటే ఏమవుతుందని నిన్ననే డాక్టరు గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంట్లో ఉన్న ముసుగు రెండు గంటలకి మించి పనిచేయదు. ఆసుపత్రికి పంపాలంటే తలుపు తెరుచుకోవాలి.

"ఇంట్లో పసిపిల్ల ఉంది, చచ్చిపోతుంది బాబూ" అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

అతను గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్క ఇల్లు మైలైతే తప్పు ఇంటిదండి. అంతస్తులో సగానికి మించి ఇళ్ళు ఒకేసారి మైలైతే, తప్పు ముక్కుదని లెక్కండి. అప్పుడు తలుపులన్నీ వాటంతటవే వదిలేస్తాయండి, చూడ్డానికి మనిషొస్తాడండి. నేను చెప్పానని అనకండి."

మా అంతస్తులో ఇరవై నాలుగు ఇళ్ళు. పదమూడు కావాలి. మాది ఒకటి.

మూత 49వ రోజు

రోజూ మధ్యాహ్నం అంతస్తు పిలుపు ఉంటుంది. ఎవరికైనా చెప్పేది ఉంటే గోడ మైకులో రెండు నిమిషాలు మాట్లాడొచ్చు, అన్ని ఇళ్ళలోనూ వినిపిస్తుంది. మామూలుగా సత్యనారాయణ వ్రతాలూ పోయిన తాళాలూ చెప్పుకుంటారు. ఇవాళ నేను మాట్లాడాను. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను గానీ చూడలేదు.

ముందు పిల్ల సంగతి చెప్పాను. సంపెంగ నీళ్ళు మానేస్తే నాలుగైదు రోజులకి ఆ వాసన పోయి మీ ఇల్లూ మైల అవుతుంది, పన్నెండు ఇళ్ళవాళ్ళు ఆ పని చేస్తే మా పిల్ల బతుకుతుంది అన్నాను. మీరూ లోపల ఇరుక్కుంటారు, మీ పనులు పోతాయి, అదీ తెలుసు అన్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది చెప్పాను.

ముక్కుకి శుభ్రం అంటే ఏమిటో నేర్పడానికి యాభై ఇళ్ళ గాలి చూపించాలన్నారు ఇంజనీర్లు. ఇల్లు రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండాలి, ముందుగా ఎవరికీ చెప్పొద్దు అని మరీ మరీ చెప్పారు. నేను వింటానా. చుట్టాలొస్తున్నారంటే చాపలు దులిపి దుప్పట్లు మార్చే జాతి కదా మనది. ముందురోజు సాయంత్రం ఇంటింటికీ తిరిగాను. "రేపు ముక్కొస్తోంది, మన మేడ పరువు తీయకండి, సంపెంగ నీళ్ళు రెండింతలు పోసి కడగండి" అన్నాను. అందరూ కడిగారు. యాభై ఇళ్ళలోనూ ముక్కుకి తెలిసింది ఒక్కటే. శుభ్రం అంటే సంపెంగ. బూజు లేకపోవడం ఎలా ఉంటుందో దానికి మనం చూపించనేలేదు.

"తప్పు నాది. శిక్ష పిల్లకి పడుతోంది" అన్నాను. రెండు నిమిషాలు అయిపోయి మైకు ఆగిపోయింది.

ఈయన నా పక్కనే నిలబడి ఉన్నారు. నలభై ఏళ్ళుగా కాపురం చేసిన మనిషికి కూడా ఈ సంగతి తెలియదు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

మూత 50వ రోజు

పొద్దున్నుంచి ఒక్కొక్కరే ఫోను చేస్తున్నారు. చివరింటి పంతులు గారు, కుట్టుమిషను పెట్టుకున్న అక్కాచెల్లెళ్ళు, ఎప్పుడూ నాతో పేచీ పడే మూడో నంబరు వాళ్ళు. సాయంత్రానికి పదకొండు ఇళ్ళు ఒప్పుకున్నాయి. కొందరు ఫోను ఎత్తలేదు. ఒకాయన "మా అమ్మాయికి ఈ వారమే పెళ్ళిచూపులండి, గుమ్మం మీద మైల అని ఉంటే ఎలాగండి" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను.

మాతో కలిపి పన్నెండు. ఒకటి తక్కువ.

పక్కింటి నూకరత్నం గారు ఒప్పుకుంటారనుకున్నాను. ఒంటరి మనిషి. కింది షెడ్డులో వలలు అల్లుతుంది. ఇందుజ అంటే ప్రాణం. మా సింకు కింద గొట్టం దగ్గర మాట్లాడితే ఆవిడ వంటింట్లోకి వినపడుతుంది. తనే పిలిచింది.

"సూపర్‌వైజరమ్మగారూ. ఉన్నారా?"

"ఉన్నానండి. ఎక్కడికి పోతాను?"

"నిన్న మద్దేనం మీరు సెప్పిందంతా ఇన్నాను. నా వల్ల అవదండి."

ఎందుకని అడిగాను.

"నా గుమ్మం మీద ఆ ఎర్ర మాట ఓపాలి ఎలిగిందండి. ముక్కు పెట్టిన కొత్తలో. ఆ పదకొండు దినాలూ వరండాలో పోయేవోళ్ళు నా తలుపు కాడికొచ్చేసరికి అడుగు పక్కకేసి పోయేవోరు. తలుపు సందులోంచి సూసేదాన్ని. ఆ మాట మా అమ్మనన్నారు. మా నాయనమ్మనీ అన్నారు. ఆకరికి యంత్రం కూడా అంది. ఆ దినం నుంచి రోజుకి రెండుపాలి తుడుత్తన్నాను. మీ పిల్లంటే నాకూ ముద్దే. కానీ ఆ మాట మళ్ళీ నా నెత్తి మీద ఎలగనివ్వలేను. నన్ను తిట్టుకోకండి."

ఆ కొత్తలో ముక్కు మైల అంటే సూపర్‌వైజరు వచ్చి అవునని సంతకం పెట్టాలి. ఆవిడ ఇంటికి పెట్టిన సంతకం నాదే అయి ఉంటుంది. ఎందుకు మైల అయిందో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అన్ని ఇళ్ళు చూశాను.

మూత 53వ రోజు

తలుపు తెర మీద ఇరవై నాలుగు చుక్కలుంటాయి, ఇంటికొకటి. పొద్దున మూడు ఎర్రబడ్డాయి. భోజనాల వేళకి ఆరు. పంతులు గారి చుక్క ఎర్రబడగానే ఈయన తెరకి దణ్ణం పెట్టారు. మళ్ళీ ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశారు.

ఇందుజకి సంగతి తెలిసిపోయింది. మేం గుసగుసలాడుకుంటే తెలియదనుకోవడం మా తెలివితక్కువ. "పొగ వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబడతాను మామ్మా, ఇరవై దాకా లెక్కపెట్టగలను" అంది. బిగబట్టి చూపించింది. పద్నాలుగు దగ్గర దగ్గొచ్చింది. ఆ పిల్ల ముఖం చూడలేక బియ్యం ఏరుతున్నట్టు పళ్ళెంలోకి తల వంచుకున్నాను.

మూత 54వ రోజు

పదకొండు ఎర్ర చుక్కలు. కుట్టుమిషను అక్కాచెల్లెళ్ళది ఇంకా కాలేదు. బట్టల గుట్టల్లో వాసన పట్టేసిందట. బట్టలన్నీ వేడినీళ్ళలో ఉడకబెడుతున్నామని ఫోను చేసి చెప్పారు.

ఈయన ఇవాళ రోకలి తీసుకుని తలుపు మీద పడ్డారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. ఆపలేదు నేను. ఆపితే నా చేతిలో రోకలి ఉండేది. ఇరవై దెబ్బలకి తలుపు మీద సొట్ట కూడా పడలేదు గానీ ఆయన భుజం వాచింది. నేల మీద కూలబడి, "హైమా, పిల్లని కిటికీలోంచి బయటికి తీసుకుపోతే?" అన్నారు. కిటికీ అవతల నల్ల గోడలు చూపించాను. అటు పోతే నాలుగు రోజులు, ఇటు ఉంటే మూడు రోజులు. లోపలా బయటా పిల్లకి గాలి లేదు.

భుజానికి ఆముదం కాచి రాశాను. నూనె వాసన చూసి ముక్కు ఏమంటుందోనని ఇద్దరం ఒకేసారి తలుపు వైపు చూశాం.

మూత 55వ రోజు

ఇవాళ్టిది జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనిమిదింటికి కుట్టుమిషను వాళ్ళది కూడా ఎర్రబడింది. పన్నెండు. తొమ్మిదింటికి కప్పులో గొట్టాలన్నీ గుయ్‌మని చప్పుడు మొదలుపెట్టాయి. వాటికి తడి దుప్పట్లు కట్టాం. గాలి తోసేసరికి ఊడి కింద పడ్డాయి. పిల్లకి ముసుగు తొడిగి స్నానాలగదిలో ఈయన ఒళ్ళో కూర్చోబెట్టాను. ఆయన దానికి ఏదో రాజు కథ చెబుతున్నారు. రాజు ఇరవై ఏళ్ళవాడో అరవై ఏళ్ళవాడో ఆయనకే తెలియడం లేదు.

తొమ్మిదీ ఇరవైకి సింకు కింద చేరి గొట్టంలోకి నోరుపెట్టి పిలిచాను.

"నూకరత్నం గారూ. ఒక్కటే తక్కువండి. ఇంకెవర్నీ అడగడానికి లేదు."

"సుక్కలు నానూ సూత్తన్నాను." ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది. "పొద్దున తుడవకూడదనే లేచేనండి. సెయ్యి ఆగలేదు. రెండు బకెట్లు పోసేసేను. ఇప్పుడింక మానినా నాలుగు దినాలు పడతది."

సింకు కిందే కూర్చుండిపోయాను. గొట్టాల చప్పుడు పెరిగింది. స్నానాలగదిలోంచి ఇందుజ "తాతయ్యా, తర్వాత" అనడం వినిపించింది.

"అమ్మగారూ, ఉన్నారా?"

"ఉన్నాను."

"ఆ రోజు నా ఇల్లు ఎందుకు మైలయిందో మీకు గురుతుందా?"

"లేదండి" అన్నాను. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదు.

"ఎండు నెత్తళ్ళండి. మా అన్న పంపేడు. పులుసెట్టుకుందారని వేణ్ణీళ్ళలో ఏసేను. ముక్కు అరిసింది. మీరొచ్చేరు. కొంగు ముక్కుకి అడ్డమెట్టుకుని గుమ్మంలోనే నించున్నారు. గడప లోపలికి రాలేదు. సంతకమెట్టి ఎల్లిపోయేరు."

గుర్తొచ్చింది. అప్పుడు ఆ పని మర్యాదగానే చేశాననుకున్నాను. చేప అంటేనే ఇల్లు కడుక్కునే ఇంట పుట్టాను. ఇంటికొచ్చి తలారా స్నానం చేశాను కూడా.

"క్షమించండి" అన్నాను. గొట్టంలోకి అన్నాను, మనిషి ముఖం చూసి కాదు.

అవతల రేకు డబ్బా మూత ఊడదీస్తున్న చప్పుడు. తర్వాత ఇంకో డబ్బా.

"ఏటేటా పంపుతానే ఉన్నాడు మా అన్న. ఒద్దనలేను, వండలేను. అటకెక్కించేత్తాను. నీళ్ళు కాగేయి, పోత్తన్నాను. మొత్తం పోసేత్తన్నాను. మీరెల్లి సుక్క సూడండి."

తలుపు దగ్గరికి పరిగెత్తాను. తొమ్మిదీ నలభై నాలుగు. ఆవిడ చుక్క పచ్చగానే ఉంది. సంపెంగకి అలవాటుపడ్డ ముక్కు, రెండు బకెట్లు పోసిన ఇల్లు. తొమ్మిదీ యాభై. పచ్చగానే ఉంది. గోడ అవతల ఆవిడ ఇంకో గిన్నె నీళ్ళు పడకగదిలోకి మోసుకెళ్తున్న అడుగుల చప్పుడు. తొమ్మిదీ యాభై మూడు. మా కప్పులోని గొట్టం నోట్లోంచి ఒక చుక్క కారి నేల మీద పడింది. సంపెంగ వాసన. తుడవాలో, తొక్కాలో తెలియక దాని మీద నా చెప్పు పెట్టి నిలబడ్డాను.

తొమ్మిదీ యాభై ఆరుకి నూకరత్నం గారి చుక్క ఎర్రబడింది.

గొట్టాలు ఆగిపోయాయి. ఇరవై నాలుగు చుక్కలూ ఆరిపోయాయి. తలుపు దానంతటదే నాలుగంగుళాలు వదిలింది.

పిల్లని ఎత్తుకుని వరండాలోకి వచ్చేశాను. ఈయన వెనకాలే, రాజు కథ మధ్యలో ఆపేసి. తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి, జనం తొంగి చూస్తున్నారు. వరండా నిండా ఎండుచేపల వాసన. నా చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. మళ్ళీ కిందికి దించాను. ఇందుజ ముసుగు తీసేసింది. ఛాతీ మీద చెవి పెట్టి విన్నాను. కూత లేదు. మళ్ళీ విన్నాను. "చక్కిలిగిలి మామ్మా" అంది.

పదకొండింటికి పర్యవేక్షణ గదినుంచి మనిషి వచ్చాడు. దానియేలే. ఇంకా మీసాలు సరిగా రాలేదు. ఇల్లిల్లూ తిరిగి గోడలు చూశాడు, చేత్తో తడిమాడు. ఎక్కడా బూజు లేదు. నూకరత్నం గారింటి ముందు ఆగి, "ఇది మాత్రం నిజంగా మైలేనాండి?" అని నన్నే అడిగాడు, పాత సూపర్‌వైజరు కదా అని. వరండాలో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. నూకరత్నం గారు గుమ్మంలోనే, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ, నేల చూస్తూ నిలబడి ఉంది.

"కాదు" అన్నాను. "వంట. రాసుకో. సంతకం నేను పెడతాను."

రాసుకున్నాడు. ముక్కుకి కొత్తగా నేర్పేదాకా మా అంతస్తు తలుపులు చేత్తోనే తీసుకోవచ్చన్నాడు. మళ్ళీ నేర్పే రోజు ఎవరికీ ముందుగా చెప్పొద్దని నాకే ప్రత్యేకంగా చెప్పాడు.

గడప దాటి ఆవిడ ఇంట్లోకి వెళ్ళాను. ఇన్నేళ్ళ పక్కింటి దాన్ని, ఆ ఇంట్లో పీట ఏ మూల ఉంటుందో కూడా తెలియదు. ఇందుజ నాకంటే ముందే పొయ్యి దగ్గర చేరింది. గిన్నెల నిండా నానిన నెత్తళ్ళని పారెయ్యడం ఎందుకని నూకరత్నం గారు చింతపండు పిసికి పులుసు పెట్టేసింది. అన్నం ఉడికింది. పన్నెండు రోజుల తర్వాత ఇల్లు దాటిన పిల్ల, పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"మామ్మా, ఆకలేస్తోంది" అంది ఇందుజ, గిన్నెలోకి చూస్తూ.

నూకరత్నం గారు గరిటె గాల్లోనే పట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఈయన గుమ్మంలోనే ఆగిపోయారు. మా ఇంట మూడు తరాలుగా ఎవరూ ముట్టింది కాదు.

పెట్టమన్నాను.